నైంటీ పర్సెంట్ అయిపోయిందన్నా!

సోమవారం పొద్దున సాఫ్ట్‌వేర్ ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో ఒక కుర్రాడు "నైంటీ పర్సెంట్ అయిపోయిందన్నా" అంటాడు. బుధవారం అడిగితే అదే మాట. శుక్రవారమూ అదే. టీమ్ లీడ్‌కు లోపల అనుమానమే, కానీ గుచ్చి అడగడు. పైన మేనేజర్‌కు తనూ అదే మాట చెప్పి ఉన్నాడు మరి. మేనేజర్ ఆ మాటను స్టేటస్ రిపోర్టులో పచ్చరంగు గడిలో పెట్టి క్లయింట్‌కు పంపేశాడు. డెలివరీ ఇంకో రెండు రోజులుందనగా ఆ మిగిలిన పది శాతంలోంచి మూడు వారాల పని బయటపడుతుంది. ఇక శని, ఆదివారాలు లేవు. రాత్రి పదకొండింటికి బిర్యానీ పార్సిళ్లు, పైనుంచి ఎస్కలేషన్ మెయిళ్లు.

ఇందులో కావాలని అబద్ధమాడినవాళ్లు ఎవరూ లేరు. ఆ కుర్రాడు నిజంగానే తొంభై అయిందనుకున్నాడు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన టామ్ కార్గిల్ దీని మీద ఓ చమత్కారం వదిలాడు. మొదటి తొంభై శాతం కోడ్ తొంభై శాతం గడువును తినేస్తుందట, మిగిలిన పది శాతం ఇంకో తొంభై శాతం గడువును తింటుందట. 1985లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ బెంట్లీ దాన్ని తన కాలమ్‌లో అచ్చేశాడు. నలభై ఏళ్లు దాటినా ఆ జోక్‌కు ఇప్పటికీ ప్రతి ఆఫీసులోనూ నవ్వుతారు, కొంచెం ఇబ్బందిగా.

సాఫ్ట్‌వేర్ టీమ్ బాగా పనిచేయాలంటే ఏం కావాలని అడగండి, జవాబులకు కొదవ లేదు. మంచి కోడర్లు కావాలంటారు, ఎజైల్ అంటారు, టూల్స్ అంటారు, జీతాలంటారు, ఏడాదికోసారి టీమ్ ఔటింగ్ అంటారు. లక్నవరం చెరువు మీది వేలాడే వంతెనపై అందరూ కలిసి సెల్ఫీ దిగడం మంచిదే, కాదనను. కానీ ఏ టీమ్ గురించి విన్నా నేను ముందు చూసేది ఒక్కటే. అక్కడ చెడు కబురు పుట్టాక, దాని మీద ఏదైనా చేయగలిగిన మనిషి చెవిన పడటానికి ఎంతకాలం పడుతోంది? గంటల్లో పడితే మిగతావన్నీ మెల్లగా కుదురుకుంటాయి. వారాలు పడితే ఎంత తెలివైనవాళ్లున్నా ఆ ప్రాజెక్టు గట్టెక్కదు.

మడికొండలో కొత్త ముచ్చట

ఈ ప్రశ్న వరంగల్‌లో అడగడానికి కారణముంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ ఈ ఊరిది. 2002లో అదే ఎన్‌ఐటీ అయింది. దాని వెంట కిట్స్ వచ్చింది, ఎస్సార్ వచ్చింది, ఇంకా ఎన్నో వచ్చాయి. అరవై ఏళ్లుగా ఊరు ఇంజినీర్లను తయారుచేసి రైలెక్కిస్తూనే ఉంది. కాజీపేట జంక్షన్ నుంచి సికింద్రాబాద్, అక్కణ్నుంచి బెంగళూరు, అటునుంచి డాలస్. పిల్లలు పండగకు వస్తారు, పోతారు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇక్కడ పుట్టేది కాదు.

2020 జనవరి 7న ఆ లెక్క కొంత మారింది. మెట్టుగుట్ట దేవుడి పేరుతో అందరికీ తెలిసిన ఊరి శివారు మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలను ఆనాటి ఐటీ మంత్రి కేటీఆర్ ఒకే రోజు ప్రారంభించారు. సైయెంట్ మనవాళ్లదే. బీవీఆర్ మోహన్ రెడ్డి 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన కంపెనీ. రిబ్బన్ కత్తిరించి మూడు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చి పడింది. కొత్త కుర్చీల మీద కవర్లు తీసీ తీయకముందే అందరూ ఇళ్లకు చేరారు. అయినా ఆ దారి మూసుకుపోలేదు. 2023 అక్టోబరులో క్వాడ్రంట్ కూడా మడికొండలో తలుపులు తెరిచింది. హైదరాబాద్‌తో పోలిస్తే ఇది చాలా చిన్న సంగతే. గచ్చిబౌలిలో ఒక్క టవర్‌లో ఉండేంత మంది ఇక్కడ మొత్తం కలిపినా ఉంటారో లేదో.

చిన్నదవడంలోనే దీని బలం కొంత ఉంది. ఫ్రెడ్ బ్రూక్స్ అనే పెద్దాయన ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ ప్రాజెక్టు నడిపి, చేతులు కాల్చుకుని, 1975లో 'మిథికల్ మ్యాన్ మంత్' అనే పుస్తకం రాశారు. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందన్నది ఆయన తేల్చిన సంగతి. లెక్క సులువే. ఐదుగురున్న టీమ్‌లో ఇద్దరిద్దరు మాట్లాడుకునే దారులు 10. పదిమందైతే 45, ఇరవై మందైతే 190. మనుషులు రెట్టింపైతే మాటల భారం నాలుగింతలు దాటుతుంది. కొత్తగా వచ్చినవాడికి పని నేర్పేది ఎవరు? ఉన్నవాళ్లే. అప్పటికే ఊపిరాడక ఉన్నవాళ్లు. మన కంపెనీలకు ఇది తెలియక కాదు, అయినా గడువు దాటిందనగానే "బెంచ్ మీద ఎవరున్నారు, పంపండి" అనే అంటారు. హెడ్‌కౌంట్‌కు బిల్లు పడుతుంది కదా.

మనుషులు మారిపోవడం దీనికి తోబుట్టువు. 2022 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్ చూపించిన అట్రిషన్ 28.4 శాతం. అంటే ఏడాదిలో నలుగురిలో ఒకరికి పైగా బయటికి నడిచారు. అలాంటి టీమ్‌లో ఫలానా మాడ్యూల్‌ను ఎందుకలా రాశారో చెప్పేవాడే మిగలడు. పోయేవాడు పని అప్పగింతకు కేటీ సెషన్ పెట్టి రెండు గంటలు స్క్రీన్ చూపించి వెళ్లిపోతాడు. ఆ రికార్డింగ్ మళ్లీ తెరిచి చూసినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. హనుమకొండలో సొంతిల్లు, పావుగంటలో ఆఫీసు, ఇంట్లో అమ్మానాన్న ఉన్న మనిషి ఇరవై శాతం హైక్ కోసం ఊరు వదలడానికి కనీసం రెండుసార్లు ఆలోచిస్తాడు. కంపెనీలు చిన్న ఊళ్లకు రావడం వెనక అద్దెలు తక్కువన్న లెక్కతోపాటు ఈ లెక్కా ఉంది. ఒకే ఐదుగురు మూడేళ్లు కలిసి పనిచేస్తే, ఎవరు 'అయితది' అంటే అవుతుందో, ఎవరు 'అయితది' అంటే కాదో మిగతావాళ్లకు తెలిసిపోతుంది.

నోరు మెదపని గది

కలిసి ఉంటే సరిపోదు. పది మంది కలిసి మౌనంగానూ ఉండగలరు.

ఎమీ ఎడ్మండ్సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు పీహెచ్‌డీ విద్యార్థినిగా ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను పరిశీలించారు. మంచి బృందాల్లో మందుల తప్పులు తక్కువ ఉంటాయనే ఎవరైనా అనుకుంటారు, ఆమే అనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి. బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచడం లేదు. మిగతాచోట్ల తప్పు జరిగినా చీటీ మీదికి ఎక్కడం లేదు. 1999లో ఆమె దీన్ని ఆసుపత్రి బయటి బృందాలకూ విస్తరించి రాశారు. 2012లో గూగుల్ తన సొంత టీమ్‌లను, దాదాపు 180, పట్టి చూసింది. తెలివైనవాళ్లనందరినీ ఒకచోట వేస్తే మంచి టీమ్ అవుతుందన్న నమ్మకం అక్కడ వీగిపోయింది. టీమ్‌లో ఎవరున్నారన్న దానికంటే ఎలా మసలుకుంటున్నారన్నదే తేడా చూపింది. అన్నిటికంటే ముందు నిలిచింది, నోరు తెరిస్తే పరువు పోతుందన్న భయం లేకపోవడం.

మన దగ్గర ఆ భయం కాలేజీ ల్యాబ్‌లోనే మొదలవుతుంది. ప్రోగ్రామ్ రన్ కాకపోయినా పక్కవాడి అవుట్‌పుట్ చూసి రికార్డులో ఎక్కించి "అయిపోయింది సార్" అంటాం. సంతకం పడుతుంది. ఫైనలియర్ ప్రాజెక్టు బ్యాచ్‌కు నలుగురు. ఒకడు చేస్తాడు, ముగ్గురు వైవాకు వస్తారు. కొన్ని బ్యాచ్‌ల్లో ఆ ఒక్కడూ చేయడు, హైదరాబాద్ అమీర్‌పేటలో డబ్బులిచ్చి తెచ్చుకుంటారు. నాలుగేళ్లు ఇలా గడిపినవాడు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే "నాకిది అర్థం కాలేదు" అంటాడని ఎలా అనుకుంటాం? ఎదురుగా ఉన్నాయన పదిహేనేళ్ల సీనియర్. "అర్థమైందా?" అంటే తల అడ్డంగా ఊపడం మన రక్తంలో లేదు.

దీన్ని మార్చేది హెచ్‌ఆర్ వాళ్లు గోడ మీద అంటించే పోస్టర్ కాదు. లీడ్ ఏం చేస్తాడో అది. ఏదైనా ఆఫీసులో కోడ్ రివ్యూ జరిగే తీరు చూస్తే తెలిసిపోతుంది. రెండు వేల లైన్ల పీఆర్ (పుల్ రిక్వెస్ట్) పెడితే పది నిమిషాల్లో "బాగుంది, మెర్జ్ చెయ్" అని వస్తుంది. ఎవరూ చదవలేదన్నమాట. నలభై లైన్లు పెడితే అసలు మాటలు మొదలవుతాయి.

"బిల్లు అమౌంట్ ఖాళీగా వస్తే ఏమైతది తమ్మీ?"

"రాదన్నా."

"వస్తే?"

"...పడిపోతదన్నా."

"పోయిన నెల నేను రాసిన దాంట్ల గూడ ఇదే అయింది. కస్టమర్ ఫోన్ చేసేదాంక తెల్వలే. ఆ టెస్టు ఆడనే ఉంది, జర చూడు."

ఈ మాటల్లో ముఖ్యమైనది ఆఖరిది. పెద్దవాడు ముందుగా తన తప్పు బయటపెట్టాడు. రేపు ఆ తమ్ముడు ఏదైనా పాడుచేస్తే మధ్యాహ్నం భోజనాలకు ముందే వచ్చి చెబుతాడు. అదే లీడ్ పదిమంది ఉన్న గ్రూపులో "కనీసం ఇది కూడా తెలియదా?" అని రాసి ఉంటే, ఆ తర్వాతి ఆరు నెలల్లో అతనికి వినపడే కబుర్లన్నీ పచ్చరంగువే అవుతాయి.

సున్నా పడిన సాయంత్రం

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు తప్పితే ఏమవుతుందో తెలంగాణలో ఇళ్లన్నిటికీ తెలిసిన రోజొకటుంది. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. రాసింది తొమ్మిది లక్షల మందికి పైగా పిల్లలు. ఆ ఏడాది ఫలితాల ప్రక్రియను కొత్త సాఫ్ట్‌వేర్‌కు, ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. పరీక్షకు వచ్చినవాళ్లు రానట్టు, ఫస్టియర్‌లో మంచి మార్కులున్నవాళ్లు ఫెయిలైనట్టు మెమోలు వచ్చాయి. హైదరాబాద్‌లో బోర్డు ఆఫీసు ముందు తల్లిదండ్రులు రోజుల తరబడి నిలబడ్డారు. ఆ రోజుల్లో ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు చదివినవాళ్లెవరూ మరిచిపోలేరు.

ప్రభుత్వం ముగ్గురితో కమిటీ వేసింది. రాష్ట్ర టెక్నాలజీ సర్వీసెస్ సంస్థ అధిపతి ఒకరు, హైదరాబాద్ బిట్స్, ఐఐటీల నుంచి ఒక్కొక్కరు. పాత వ్యవస్థనూ కొత్తదాన్నీ కొంతకాలం పక్కపక్కన నడిపి, రెండింటి లెక్కలూ సరిపోతున్నాయో లేదో చూసుకోకపోవడం కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా పిల్లల పేపర్లను ఉచితంగా మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది.

ఆ గొడవలో ఒక్క సంఘటన దగ్గర ఆగుదాం. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99. పేపరు దిద్దినవారు ఓఎంఆర్ షీటు మీద 99కి బదులు సున్నాలు దిద్దారు. సరిచూడాల్సినవారు చూడలేదు. దిద్దినవారికి జరిమానా, సరిచూడాల్సినవారికి సస్పెన్షన్. ఫైలు మూశారు.

సాఫ్ట్‌వేర్ మనిషి ఆ ఫైలును అక్కడ మూయకూడదు. వేసవి ఎండలో కట్టల కొద్దీ పేపర్లు దిద్దే మనిషి చెయ్యి ఎక్కడో ఒకచోట తప్పుతుంది, అది ముందే తెలిసిన విషయం. ఫస్టియర్‌లో అదే సబ్జెక్టులో మంచి మార్కులొచ్చి, ఈ ఏడాది మిగతా పేపర్లన్నీ బాగా రాసిన అమ్మాయికి ఒక్కదాంట్లో సున్నా పడితే, ఫలితం ప్రకటించే ముందు ఈ వరసను ఎవరికైనా చూపించమని ప్రోగ్రామ్‌ను అడగొచ్చు. పది లైన్ల కోడ్. అది లేదు. ఎవరికీ తట్టలేదా, తట్టినా చెప్పే చోటు లేకపోయిందా? గడువు తరుముకొస్తున్నప్పుడు "ఇంకో వారం ఆగుదాం, పాతదాంతో పోల్చి చూద్దాం" అనగలిగిన మనిషి ఆ గొలుసులో ఎక్కడైనా ఉన్నాడా? శిక్ష పడ్డ ఇద్దరి పేర్లు పత్రికల్లో వచ్చాయి. ఆ పది లైన్ల సంగతి ఎవరూ అడగలేదు.

దీని పక్కన ఇంకో రాత్రిని పెట్టి చూడండి. 2017 జనవరి 31. గిట్‌ల్యాబ్ అనే కంపెనీ. ప్రపంచమంతా ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే చోటు. రాత్రి పొద్దుపోయాక డేటాబేస్ మొరాయిస్తుంటే ఒక ఇంజినీర్ దాన్ని సరిచేస్తూ, ఒక సర్వర్లో కొట్టాల్సిన డిలీట్ కమాండ్ ఇంకో సర్వర్లో కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో తెలిసి ఆపేసరికి 300 జీబీలో నాలుగున్నర మిగిలింది. బ్యాకప్‌లు ఒకటి కాదు, ఐదు పద్ధతుల్లో పెట్టుకున్నారు. తీరా చూస్తే ఆ రాత్రి వాటిలో ఏదీ నమ్మదగ్గట్టు పనిచేయడం లేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు అదే ఇంజినీర్ చేత్తో తీసిపెట్టిన కాపీ ఒకటి ఉండబట్టి బతికారు.

మన ఆఫీసుల్లో అయితే ముందు ఆ మనిషి యాక్సెస్ తీసేస్తారు, తర్వాత బ్యాడ్జి. గిట్‌ల్యాబ్ వాళ్లు జరిగిందంతా అందరూ చదవగలిగే డాక్యుమెంట్‌లో నిమిషం నిమిషం రాసుకుంటూ పోయారు. రిపేరును యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. ఆ ఇంజినీర్ ఉద్యోగం పోలేదు. ఆరు గంటల డేటా పోయింది, దాన్నీ దాచలేదు. వేలు తడబడినవాణ్ని ఇంటికి పంపితే ఆ ఐదు బ్యాకప్‌లు మూగగా ఎందుకున్నాయో చెప్పేవాడు ఉండడు. బ్యాకప్ ఫెయిలైనప్పుడు వెళ్లాల్సిన మెయిళ్లు ఎక్కడో ఆగిపోయాయన్న సంగతి అలా వెతికితేనే బయటపడింది.

కొద్దికొద్దిగా వదలడం

మాట బయటికి రావడానికి మనుషుల మంచితనం ఒక్కటే చాలదు. పని తీరులోనే దానికి దారి ఉండాలి. కాకతీయులు చెరువు కట్టినచోటల్లా మత్తడి పెట్టారు. నిండగానే నీళ్లు దుంకి కింది చెరువుకు పోతాయి, కట్ట మీద అదనపు బరువు పడదు. నెలల తరబడి కోడ్ పోగేసి ఒక్క శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి వదిలే టీమ్‌కు మత్తడి లేదు. తెగేది కట్టే.

నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ కొన్నేళ్ల సర్వేలతో 2018లో 'యాక్సిలరేట్' అనే పుస్తకం తెచ్చారు. నెమ్మదిగా చేస్తే జాగ్రత్తగా చేసినట్టు అనే మన నమ్మకాన్ని ఆ లెక్కలు బలపరచలేదు. తరచుగా, చిన్నచిన్న ముక్కలుగా రిలీజ్ చేసే టీమ్‌లవే తక్కువగా పాడవుతున్నాయి, పాడైనా తొందరగా లేస్తున్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. నిన్న వదిలింది నలభై లైన్లే అయితే తప్పు ఆ నలభైలోనే ఉంటుంది. ఆటోమేటిక్ టెస్టులు ఇక్కడ పనికొచ్చేది అందుకే. "నీ కోడ్ తప్పు" అని మెషిన్ ఎర్రగా చూపిస్తే ఎవరికీ చిన్నతనం అనిపించదు. సీనియర్ అన్న చెప్పాల్సిన మొహమాటపు మాట మెషిన్ చెప్పేస్తుంది. తొంభై శాతాల లెక్క కూడా దాంతో పోతుంది. పని అయిందా, టెస్టు పాసైందా, అంతే. మధ్యలో శాతాలు లేవు.

వరంగల్ లాంటి ఊళ్లకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఇంకొకటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే ఒక మాట రాశాడు. సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడతారో, అది తయారుచేసే సాఫ్ట్‌వేర్ కూడా అదే ఆకారంలో ఉంటుందని. చిన్న కేంద్రానికి తరచూ వచ్చేది తెగ్గోసిన ముక్క. డిజైన్ అమెరికాలో, ఆర్కిటెక్ట్ హైదరాబాద్‌లో, టెస్టింగో సపోర్టో ఇక్కడ. క్లయింట్‌తో మాట్లాడేది ఆన్‌సైట్ కోఆర్డినేటర్ ఒక్కడే. టికెట్‌లో "ఈ బటన్ రంగు మార్చు" అని ఉంటుంది, ఎందుకో ఉండదు. ఎందుకో తెలియనివాడికి అది తప్పని అనుమానం వచ్చే అవకాశమే లేదు, ఇక చెప్పేదేముంది? ఎంత మంచి లీడ్ ఉన్నా ఈ దూరం దాటలేడు. మడికొండలోనే మొదలై మడికొండలోనే పూర్తయ్యే పని, అదెంత చిన్నదైనా, మొత్తంగా ఒక టీమ్ చేతికి ఇవ్వడం కంపెనీలు చేయాల్సిన పని. వారానికోసారైనా ఆ సాఫ్ట్‌వేర్ వాడే మనిషి గొంతు కోడ్ రాసేవాడి చెవిన పడాలి. కోఆర్డినేటర్ వడబోసిన తర్వాత కాదు.

కాలేజీలకూ ఇందులో వాటా ఉంది. ఎన్‌ఐటీలో జరిగే టెక్నోజియాన్ లాంటి ఉత్సవాల్లో రాత్రంతా మేలుకుని హ్యాకథాన్ చేసే పిల్లల హుషారు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ హ్యాకథాన్ ముప్పై గంటలు. కలిసి పనిచేయడం తెలిసేది మూడో నెలలో, హుషారు తగ్గాక. ఫైనలియర్ వైవాలో ఏం పనిచేసిందని కాకుండా ఏం పనిచేయలేదు, ఎప్పుడు తెలిసింది, బ్యాచ్‌లో మిగతా ముగ్గురికీ ఎప్పుడు చెప్పావని అడిగి దానికి సగం మార్కులు వేస్తే, అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టులు ఆ గది దాటి రాలేవు.

ఈ ఏడాది క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు కూర్చునే పిల్లలకు ఒక సలహా. ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటారు. జీతం, షిఫ్టు, వర్క్ ఫ్రం హోమ్ ఎలాగూ అడుగుతారు. పోయినసారి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు ముందు ఎవరు చూశారు, ఎంతసేపటికి చెప్పారు, ఆ తర్వాత ఏం మార్చారని కూడా అడగండి. తేదీతో సహా తడుముకోకుండా చెప్పే లీడ్ దొరికితే ప్యాకేజీ కాస్త తక్కువైనా చేరిపోవచ్చు. "మా దగ్గర అలాంటివి జరగవు" అన్నారనుకోండి, తర్వాతి కంపెనీ క్యాంపస్‌కు ఎప్పుడొస్తుందో చూసుకోండి.